చంద్రుని చీకటి వైపు: ఒక పాశ్చాత్య గానప్రబంధము
పాటల మూట వేఱు. పాటలతో కట్టిన ప్రబంధము వేఱు. మూటలోని పాటను ఎక్కడనుండియైనను తీసి వినవచ్చును. ప్రబంధములోని పాటను విడదీసినచో అది తన చోటును గోల్పోవును, మిగిలినదియు వెలితిపడును. ఇంగ్లండునకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందము 1973 మార్చిలో వెలువరించిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఈ రెండవ కోవలోనిదని మా అభిప్రాయము. మన యిండ్లలో యువకులు ఇట్టి సంగీతమును ప్రీతితో వినుచుండగా పెద్దలు ‘గోల’ యని తలుపు మూసికొనుట కలదు. ఆ తలుపును కొంచెము తెఱచుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

రాజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ అను నలుగురు దీని కర్తలు. సాహిత్యమంతయు వాటర్స్ రచన. 1972 ఆరంభమునుండియే దీనిని వేదికలపై వాయించి సానపట్టిరి. లండన్ నగరములో ఆబీ రోడ్డునందలి స్టూడియోలో శబ్దగ్రహణము నిర్వహించినవాడు ఆలన్ పార్సన్స్. కాలము, ధనము, మరణము, కలహము, మతిభ్రంశము అను శక్తులు మనుష్యుని నలిపివేయు తీరు ఇందలి వస్తువు. బృందస్థాపకులలో నొకడైన సిడ్ బారెట్ మనఃస్థితి చెడి 1968లో బృందమునకు దూరమయ్యెను. ఆ వేదన ఈ వస్తువు వెనుక దాగియున్నది.

కావ్యార్థమును సూచించుట నాందికి లక్షణమని మన లాక్షణికులు చెప్పుదురు. ఈ రికార్డు గుండెచప్పుడుతో ఆరంభమగును. దానిపై గడియారపు టిక్కుటిక్కు, నాణెముల గలగల, నవ్వు, కేక ఒకదానివెంట నొకటి చేరును. అర్థము తెలియని ఆ ధ్వనులన్నియు తరువాతి పాటలలో తమతమ తావులను జేరుకొనును. సుమారు 43 నిమిషముల పిమ్మట గుండెచప్పుడే మిగిలి, మెల్లగా అణగిపోవును. ఉపక్రమోపసంహారముల ఏకవాక్యత యనగా నిదియే గదా!

శిల్పమున మిక్కిలి చర్చింపదగినది ‘మనీ’ యను పాట. నాణెములు, చినిగెడు కాగితము, దుకాణపు గల్లాపెట్టె మొదలగు ఏడు ధ్వనుల టేపులను సమానముగా కత్తిరించి, చక్రముగా నతికి, లయగా నిలిపిరి. ఏడు మాత్రల నడక మిశ్రచాపు వినిన మన చెవికి క్రొత్త గాదు. పాశ్చాత్య జనరంజక గీతములలో మాత్రము అరుదు. గిటారు వంతు వచ్చునప్పుడు ఈ నడక నాలుగుకు మాఱును. పిమ్మట మరల ఏడుకు వచ్చును. ఇది నియమభంగమని కొందఱు తలంపవచ్చును. మాకట్లు తోపదు. కుంటుచు సాగు లోభము ఒక్కపరి కట్టుతెంచుకొని పరుగెత్తి, తుదకు పాత గానుగకే వచ్చి చేరినట్లు మాకు వినవచ్చును. తాళము ఇచ్చట లెక్క గాదు, భావమే.

దీనికి ముందున్న ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ యందు సాహిత్యము లేదు. రైట్ కూర్చిన పియానో స్వరములపై క్లేర్ టోరీ యను గాయని మాటలు లేకయే ఆలాపించును. మరణభీతి ఆర్తనాదముగా నెగసి, అలసి, శాంతించును. ఆమెకు నాడు ముట్టిన పారితోషికము 30 పౌండ్లు. ఆమె న్యాయస్థానము నాశ్రయింపగా 2005లో రాజీ కుదిరెను. అప్పటినుండి రైట్‌తోపాటు ఆమె పేరును రచనకర్తలలో చేరినది. స్వరకల్పన చేయు కంఠము కూలిది గాదు, కర్తయే యను ధర్మము ఆలస్యముగానైనను గెలిచినది. ధనమును గర్హించు కృతియందే ఈ తగవు పుట్టుట గమనింపదగిన విషయము.

దోషములు లేవని మేమనము. వాద్యయంత్రముతో నల్లిన ‘ఆన్ ది రన్’ నేడు వినగా భావముకన్న వింతయే ముందు నిలుచును. సాహిత్యము కొన్ని తావుల మిక్కిలి సామాన్యోక్తిగా నుండును. అయినను ఆ సరళతవలననే పరభాషీయుడును దీనిలో తన భయములను గుర్తింపగలుగుచున్నాడు.

నల్లని రికార్డుపై మరణగీతముతో మొదటి ముఖము ముగిసెడిది. శ్రోత లేచి పళ్లెమును త్రిప్పవలెను; త్రిప్పినంతనే నాణెములు మ్రోగును. చావును విని లేచిన చేతికి డబ్బు తగులుట! పాటలను వేర్వేఱుగా ఏఱుకొని వినెడు ఈ దినములలో ఆ వ్యంగ్యము జాఱిపోవుచున్నది. కావున పాఠకులకు మా మనవి యొక్కటే. ఒక సాయంకాలము 43 నిమిషములు కేటాయించి, యింటి యువకుని ప్రక్కన గూర్చుండి, మొదటినుండి తుదవఱకు వరుసగా వినుడు. అటుపిమ్మటను గోలయే యనిపించినచో, ఆ మాట అనుటకు మీకు పూర్తి అధికారము కలదు.