మాకు తొడిగిన షేర్వానీ

సంజయ్ లీలా భన్సాలీ ‘హీరామండీ’ 2024 మే 1న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మొత్తం ఎనిమిది భాగాలు. బ్రిటిష్ పాలన చివరి రోజుల లాహోర్, అక్కడి తవాయిఫ్‌లు, వాళ్ల గుమ్మాల్లో నవాబులు, అందరి నెత్తినా తెల్ల పోలీసు. వచ్చిన కొద్ది రోజులకే ఉర్దూ చదవగలిగినవాళ్లు ఒక సంగతి పట్టుకున్నారు. ఒక సన్నివేశంలో కనిపించే ఉర్దూ పత్రికలో కరోనా కాలం నాటి వార్త ఉంది! జనం నవ్వుకున్నారు. మేం నవ్వలేకపోయాం. అంత ఖర్చు పెట్టి మేడలు, ఝూమర్లు, ఘరారాలు తయారుచేయించినవాళ్లకు ఆ పత్రికను ఎవరైనా చదువుతారన్న ఆలోచనే రాలేదు. వాళ్ల దృష్టిలో ఉర్దూ జరీ అంచులాంటిది. చూడ్డానికి బాగుంటే చాలు.

మా తగాదా ఇక్కడే మొదలవుతుంది.

లాహోర్ పంజాబీ నగరం. ఇంట్లో, వీధిలో, బజారులో హిందువూ సిక్కూ ముసల్మానూ మాట్లాడుకున్నది పంజాబీ. బడికీ కచేరీకీ పత్రికలకీ ఉర్దూ ఉండేది. దాన్ని హిందువులూ చదివారు, రాశారు. ఈ సీరియల్‌లో మాత్రం దాదాపు అందరూ లక్నో కోఠీలో పుట్టి పెరిగినట్టే మాట్లాడతారు. ముస్లిం అంటే ఉర్దూ, ఉర్దూ అంటే నవాబీ అన్న లెక్క ఇది. ఈ లెక్కతో మేం రోజూ వేగుతున్నాం. దూదేకుల ఇళ్లలో తరతరాలుగా తెలుగే ఇంటిభాష. ‘ఉర్దూ రాకపోతే మీరేం ముసల్మాన్లు?’ అని వాళ్లని సాటి ముసల్మానే దెప్పుతాడు. మాలో ఎవరైనా తెలుగు చక్కగా మాట్లాడితే ‘మీరు ముస్లింలా లేరే!’ అని పక్కింటాయన మెచ్చుకుంటాడు. ఆ దెప్పుడుకీ ఈ మెప్పుకీ మూలం ఒకే బొమ్మ. సినిమా, టీవీ ఆ బొమ్మకే మళ్లీ మళ్లీ రంగులద్దుతున్నాయి.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మల్లికాజాన్‌గా మనీషా కోయిరాలా నటన గొప్పగా ఉంది. ఇల్లూ ఆస్తీ పెత్తనం ఆడవాళ్ల చేతుల్లో ఉన్న లోకాన్ని చూపటం చిన్న సంగతి కాదు. నవాబులు ఇంగ్లీషువాళ్లకు ఊడిగం చేశారని చెప్పటంలోనూ తప్పులేదు.

అయితే ఆ లాహోర్‌లో ముస్లింకు రాజకీయమే లేదు. 1940 మార్చి 19న బేల్చాలు భుజాన పెట్టుకుని కవాతు చేసిన ఖాక్సార్ల మీద ఆ నగరంలోనే పోలీసులు కాల్పులు జరిపారు. పదుల సంఖ్యలో చనిపోయారు. నాలుగు రోజులకు అక్కడే ముస్లిం లీగ్ మహాసభలో లాహోర్ తీర్మానం వచ్చింది. వీటిని మెచ్చాలా తిట్టాలా అన్నది వేరే చర్చ. ముస్లింలు ఆలోచించారు, చీలిపోయారు, వాదించుకున్నారు, తప్పులూ చేశారు. తెర మీద వాళ్లకు మిగిలింది మోహం, పగ, చివర్లో ప్రాణత్యాగం. బిబ్బోజాన్ తూటాలకు నేలకొరుగుతుంది. తవాయిఫ్‌లు కాగడాలు పట్టి నడుస్తారు. విభజన గుమ్మం తొక్కకుండానే కథ ముగుస్తుంది. ముస్లిం ఈ దేశాన్ని ప్రేమించాడని నమ్మించాలంటే చచ్చి చూపించాల్సిందేనా? బతికి, పనిచేసి, కొట్లాడి, ఓటేసిన ముస్లింకు కథ లేదా?

ఉంటుందని ఒకప్పుడు దూరదర్శనే చూపించింది. 1988లో గోవింద్ నిహలానీ ‘తమస్’ వచ్చింది, భీష్మ్ సాహ్నీ నవల ఆధారంగా. అక్కడ ఝూమర్లు లేవు. చర్మం పనిచేసే నత్థూ చేత డబ్బిచ్చి పందిని చంపిస్తారు. దాని కళేబరం మసీదు మెట్ల మీద తేలుతుంది. ఊరు తగలబడుతుంది. పారిపోతున్న ముసలి సిక్కు దంపతులకు రాజో అనే ముస్లిం స్త్రీ ఆశ్రయమిస్తుంది. అదే సమయానికి ఆమె మొగుడు దోచుకొచ్చింది వాళ్ల పెట్టెనే! దోపిడీ, దయ ఒకే కప్పు కింద. ఆ ఇంటిని చూసి మేం సిగ్గుపడ్డాం, గర్వపడ్డాం కూడా. మమ్మల్ని మనుషులుగా చూపితే అలా ఉంటుంది. ఆ సీరియల్ ఆపాలని కొందరు కోర్టుకెక్కారు, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అందులో కలతపెట్టే నిజం ఉంది కనకే ఆపాలనుకున్నారు.

మా నేల మాటకొస్తే, నిజాం ముస్లిం కనక ముస్లింలంతా ఏలినవాళ్లేనని ఇప్పటికీ అంటారు. జనగామ ప్రాంతం కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించాడు, కోర్టుల చుట్టూ తిరిగాడు, హత్యకు గురయ్యాడు. ఆ పాలనలో ఆయనకు దక్కిన నవాబీ అది. ‘మా భూమి’ నాటకం ఆయన్ని మరవలేదు. ఓటీటీ వాళ్లకు ఆయన పేరైనా తెలుసో లేదో. బందగీకి షేర్వానీ లేదు, షాయరీ లేదు. నాగలి ఉంది, కోర్టు కాగితాలున్నాయి. వలస పాలన నాటి ముస్లిం కథ తీయదలచినవాళ్లు ఆ కాగితాలు చదవటంతో మొదలుపెట్టాలి. వాళ్లు తీసేదాకా మేం ఊరుకోనక్కర్లేదు. మా తాతల బతుకుల్ని తెలుగులోనో ఉర్దూలోనో మేమే రాద్దాం.