ఖానూనె షహాదత్: ఒక పరిశీలన

1984 అక్టోబరులో జనరల్ జియావుల్ హఖ్ ప్రభుత్వం 'ఖానూనె షహాదత్' ఉత్తర్వును జారీ చేసింది. బ్రిటిషు వారి 1872 నాటి సాక్ష్య చట్టం దానితో పాకిస్తాన్‌లో రద్దయింది. (భారతదేశంలో ఆ చట్టమే 2024 జూలై 1 వరకు కొనసాగింది.) సాక్ష్య విధానాన్ని ఖుర్ఆన్, సున్నతులకు అనుగుణంగా మలచడమే తమ ఉద్దేశమని కర్తలు పీఠికలో ప్రకటించారు. ఉద్దేశం ఉత్తమమైనదే. ఆచరణ ఎలా ఉన్నదన్నదే ప్రశ్న.

రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, స్టీఫెన్ దొర రచించిన సెక్షన్లు చాలావరకు అంకెలు మారి తిరిగి వచ్చినట్లు కనిపిస్తుంది. చెప్పుకోదగ్గ మార్పు 17వ అధికరణంలో ఉంది. ఆర్థిక వ్యవహారాల పత్రాలపై ఇద్దరు పురుషులు గాని, ఒక పురుషుడు, ఇద్దరు స్త్రీలు గాని సాక్షులుగా ఉండాలి. ఇతర విషయాల్లో ఒక్క పురుషుని లేదా ఒక్క స్త్రీ సాక్ష్యాన్ని కోర్టు స్వీకరించవచ్చు. ఈ రెండో భాగాన్ని విమర్శకులు తరచు మరచిపోతారు.

అప్పు పత్రాన్ని గురించిన బఖరా సూరాలోని 282వ ఆయతు హక్కును భద్రపరచుకునే విధానాన్ని బోధిస్తున్నదనీ, ఖాజీ దేని ఆధారంగా తీర్పు చెప్పాలన్నది వేరే విషయమనీ ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ 'అత్తురుఖుల్ హుక్మియ్య'లో వివరించారు. సత్యాన్ని స్పష్టం చేసేదేదైనా ఆయన దృష్టిలో 'బయ్యినా'యే.

సంఖ్యపై ఇంత శ్రద్ధ చూపిన కర్తలు సాక్షి శీల పరీక్షను, అంటే తజ్కియాను, ఎలా జరపాలో 3వ అధికరణంలో చెప్పలేదు. ఇస్లాం నిర్దేశించిన అర్హతలు గల సాక్షి దొరకకపోతే దొరికినవారి సాక్ష్యమే తీసుకోవచ్చునన్నారు. ఉస్మానీయుల 'మజల్లా' ఇలా వదిలివేయలేదు. విద్యార్థిని గురించి అతని మద్రసాలో, సైనికుని గురించి అతని దళంలో, వర్తకుని గురించి నమ్మకస్తులైన తోటి వర్తకులను రహస్యంగా విచారించాలని నిర్దేశించింది.

అంతకన్నా బాధాకరమైనది 151వ అధికరణం. అత్యాచార నేరవిచారణలో ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడిక మంచిది కాదని చూపి, ఆమె మాటను కొట్టివేయించే అవకాశాన్ని ముద్దాయికి ఇచ్చిన పాత 155వ సెక్షనులోని నాలుగో క్లాజు దానిలో యథాతథంగా చేరింది. శీలవతులపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివారికి ఎనభై కొరడా దెబ్బలు శిక్షగా విధించి, వారి సాక్ష్యాన్ని ఇక స్వీకరించరాదన్నది దివ్య ఖుర్ఆన్. ఆ గ్రంథం పేరిట వెలువడిన చట్టంలోకి ఈ క్లాజును ఏ ఫిఖహ్ గ్రంథం అనుమతించింది? భారతదేశం దీనిని 2002 నాటి సవరణ చట్టం ద్వారా తొలగించింది. పాకిస్తాన్ 2016లో గాని తొలగించలేదు.