జాతివాచకంలో మనమెక్కడ?

ఒక జాతికంతటికీ చెల్లే పేరు జాతివాచకమని బడి వ్యాకరణం చెబుతుంది. ఉదాహరణకి: ఊరు. వాడలో పుట్టినవాళ్ళకి అనుమానం ఇక్కడే మొదలవుతుంది. పరాయివాళ్ళు అడిగితే మా అమ్మ ఊరి పేరే చెప్పేది. ఉప్పు కోసం అంగడికి పోయేటప్పుడు మాత్రం 'ఊళ్ళోకి పోయొస్తా' అనేది. అంటే మేముండేది ఊరు కాదన్నమాట!

'రైతు' సంగతీ అంతే. దున్నేదీ, నాట్లేసేదీ, కలుపు తీసేదీ మనం. అయినా మన పేరు కూలి. పట్టా ఉన్నవాడు రైతు. పేర్లలో రకాలు చెప్పే వ్యాకరణం, పేరు పెట్టే అధికారం ఎవరిదో చెప్పదు.

'హరిజన' మనకి పెట్టిన పేరు. 1985లో కారంచేడు తర్వాత తెలుగునాట 'దళిత' మనం చాటుకున్న పేరు. అయితే మన జాతివాచకాలకీ ఇదే పరీక్ష ఉంది. 'ఎస్సీ' అనే ఒక్క మాట కింద మా వాటా ఏమైందని 1994లో మాదిగ దండోరా నిలదీసింది. అది చీలిక కాదు, లెక్క అడగడం. ఎస్సీల్లో వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

'అందరూ' అన్న మాట వినబడ్డప్పుడల్లా అందులో ఎవరు లేరో వెతకాలి. మన విమర్శకి అదే మొదటి పని.