పులి ఒంటి మీద పని

పులివేషం కట్టేవాడికి మొదట జరిగేది గొరగడం. ఛాతీ, చేతులు, పిక్కలు, ఎక్కడా వెంట్రుక మిగలకూడదు. మిగిలితే రంగు సరిగ్గా పట్టదు, పట్టినా ఆరాక చర్మాన్ని లాగుతుంది. తర్వాత ఒళ్ళంతా పసుపుపచ్చ పూత. గొంతు, కడుపు, తొడల లోపలి భాగం తెల్లగా ఉంచుతారు, అసలు పులికీ అక్కడ తెలుపే కాబట్టి. పూత ఆరేదాకా చేతులు ఒంటికి తగలకుండా చాచి నిలబడాలి. ఆ తర్వాతే నల్లరంగు కుంచె బయటికొస్తుంది.

పనితనం తేలేది చారల్లోనే. చార ఒక చివర లావుగా మొదలై, రెండో చివరకు సన్నబడి, ఎక్కడో ఆగిపోవాలి. చేతి చుట్టూ తిప్పి రెండు కొసలూ కలిపేశారంటే అది చార కాదు, గాజు తొడిగినట్టుంటుంది. వెన్నుపూస దగ్గర మొదలుపెట్టి పక్కటెముకల వెంట కిందికి దించితే, వేషగాడు ఊపిరి పీల్చినప్పుడల్లా చారలు విచ్చుకుంటాయి, వదిలినప్పుడు దగ్గరవుతాయి. రంగు వేసినవాడు అక్కడ కదలికను కూడా గీశాడన్నమాట. అసలు పులికి బొచ్చు గొరిగేసినా కింద చర్మం మీద చారలుంటాయి. కాబట్టి మనిషి చర్మం మీద నేరుగా పులిని గీయడం మరీ అంత అబద్ధమేమీ కాదు.

ఈ వేషాన్ని ఎరిగినవాళ్ళు బొంబాయిలోనూ ఉన్నారు. నైజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు బొంబాయి వచ్చిన కామాటీల పేరు మీదే కామాటిపుర వెలిసింది. ఆ చాళ్లలో కాపురమున్న తెలంగాణ కుటుంబాల పెద్దలకు పులివేషమంటే పీర్ల పండుగ, కోస్తావాళ్ళకైతే దసరా. ఆ ఇళ్ళ పిల్లలు ఫోన్లో జంతువుల వేషంలో ఉన్న ఫర్రీల వీడియో చూసి నవ్వుకున్నా, తాతలు నవ్వకపోవచ్చు. వేషం కట్టడం ఎంత పనో వాళ్ళు చూసినవాళ్ళు.

మనిషిలా మాట్లాడి, మనిషిలా నడిచే జంతుపాత్రలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఫర్రీలు. అమెరికాలో సైన్స్ ఫిక్షన్, కామిక్స్ సభల్లో 1980లలో ఒకరికొకరు దొరికారు. 1989లో కాలిఫోర్నియాలో వాళ్ళకంటూ ఒక సభ జరిగింది. ఇప్పుడు పిట్స్‌బర్గ్‌లో ఏటా జరిగే ఆంత్రోకాన్‌కు వేలమంది వస్తారు. ఎవరికి వాళ్ళు ఒక జంతువును కల్పించుకుంటారు: జాతి, రంగు, పేరు, గుణం అన్నీ సొంతం. దాన్ని ఫర్సోనా అంటారు. మన పులి ఊరిది, మొక్కుది. వాళ్ళ నక్క ఒక్కరిది. దాన్ని నలుగురూ ఆ పేరుతో పిలవడమే వాళ్ళకు ఆ గుంపులో చోటు దొరకడం. చాలామందికి గీసిన బొమ్మ, పేరు చాలు. ఒళ్ళంతా కప్పే ఫర్‌సూట్ ఉన్నవాళ్ళు తక్కువే. నా కన్ను మాత్రం ఆ సూటు మీదే.

ముఖ్యంగా తల. స్పాంజిని కోసి, జిగురుతో అంటించి, కత్తెరతో చెక్కుతూ నుదురు, బుగ్గలు, మూతి తెప్పిస్తారు. దానిమీద కృత్రిమ బొచ్చుగుడ్డ. దాన్ని పైనుంచి కత్తిరిస్తే వెంట్రుకలు తెగి అతుకు దగ్గర గీత కనిపిస్తుంది. అందుకని గుడ్డను తిరగేసి, వెనక నేతను మాత్రమే బ్లేడుతో చీలుస్తారు. ముక్కలన్నిటి బొచ్చూ ముక్కు నుంచి వెనక్కి వాలేలా కుట్టి దువ్వితే కుట్టు మాయమవుతుంది. మూతి దగ్గర మంగలి మెషీన్‌తో పొట్టిగా కత్తిరిస్తారు.

కళ్ళ దగ్గర ఇంకా ముచ్చటేస్తుంది. తెల్లగుడ్డు ముందుకుంటుంది, నల్లగుడ్డు దానివెనక కాస్త లోతులో, రంగు వేసిన జాలీ మీద. ఆ లోతు వల్ల మీరు ఎటు జరిగినా ఆ చూపు మీ వెంటే వస్తున్నట్టుంటుంది. లోపలివాడు ఆ జాలీలోంచే చూస్తాడు. తల లోపల చీకటి, బయట వెలుతురు కనుక మనకు రంగే కనబడుతుంది, వాడికి మనం కనబడతాం.

ఇక కాళ్ళు. పులి, నక్క నడిచేది వేళ్ళ మీద. వెనక్కి వంగిన మోకాలనిపించేది నిజానికి దాని మడమ. సూటు కుట్టేవాళ్ళు తొడల ముందు, పిక్కల వెనక మెత్తలు పెట్టి ఆ వంపు తెస్తారు. మన పులికి మెత్తల్లేవు. నడుము దించి, మోకాళ్ళు వంచి, మునివేళ్ళ మీద అడుగేస్తూ ఆ వంపును కండతోనే తేవాలి. నన్నడిగితే ఇదే కష్టం.

సూటు తొడిగినవాడికి పక్కలు కనిపించవు, కాళ్ళ కింద మెట్టు కనిపించదు, లోపల ఉడుకు. అందుకే పక్కన హ్యాండ్లర్ అనే మనిషి నడుస్తాడు. తలలు తీసి ఫ్యాన్ల ముందు సేదతీరడానికి సభల్లో వేరే గది కేటాయిస్తారు. పులివేషంలో ఆ కాపలా తోక పట్టుకున్నవాడిది. పులి జనం మీదికి ఉరికితే వెనక్కి లాగుతాడు, పల్టీ కొట్టబోతే వదులు చేస్తాడు. వీళ్ళిద్దరినీ కనిపెడుతూ సిర్రా, సిటికెనపుల్లా అనే రెండు పుల్లలతో డప్పు సాగుతుంది. తోలు చల్లబడి మోత మందగిస్తే డప్పును మంట దగ్గర కాస్తారు. ఆ కాసేపట్లోనే పులికి ఎవరో చెంబుతో నీళ్ళు పోయాలి, మూతి దగ్గర రంగు చెదరకుండా.