తెలుఁగు క్రైస్తవవాఙ్మయమున స్వదేశభావము

తెలుఁగు క్రైస్తవకీర్తనలలో భక్తుఁడు తన్నుఁ బరదేశినిగాను, పరలోకమును స్వగృహముగాను భావించుట తఱచు. దీనింబట్టి యా వాఙ్మయము ఈ నేలకుఁ జెందనిదని కొందఱు తలంతురు. ఈ యాక్షేపము శబ్దార్థవిచారమున నిలువదు.

పరలోకశబ్దము క్రైస్తవులు కల్పించినది కాదు. కాని దాని పూర్వార్థము వేఱు. పుణ్యఫలముగా లభించిన స్వర్గమునుండి, పుణ్యము క్షీణింపఁగానే జీవుఁడు మర్త్యలోకమునకు మరలవలయునని గీతయందలి నవమాధ్యాయము చెప్పుచున్నది. కావున నది బసయే కాని యిల్లు కాదు. మరలి రానక్కఱలేని తండ్రియిల్లను నర్థము ఆ పాతశబ్దమునకుఁ గ్రైస్తవప్రయోగముచే నలవడినది. దేహము సత్రము, జీవుఁడు బాటసారి యను రూపకము మాత్రము తత్త్వములు పాడువారికిని బరిచితమే. పురుషోత్తమ చౌధరి (1803-1890) మొదలగువారు పల్లవి, చరణములు, రాగతాళములతోఁ గీర్తనలు రచింపఁగా, క్రొత్త యర్థము పాతబాణిలోనే జనుల నోటికెక్కెను.

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక మూఁడవ యధ్యాయమునందలి 'పొలితెయుమ' యను గ్రీకుపదమును దెలుఁగు బైబిలు 'పౌరస్థితి' యనినది. ఈ యనువాద ముచితము. ఫిలిప్పీ మాసిదోనియలోని రోమకుల వలసపట్టణము. అచ్చటి రోమకపౌరులు రోమునకుఁ బోకయే రోమునకుఁ జెందినవారు. ఉన్నచోటనే దాని ధర్మమును నడపవలసినవారు. ఒక చోటికిఁ జెందుటకు స్థలము మాఱనక్కఱలేదనుటకు ముదినేపల్లియు సాక్ష్యమే. 2022 ఏప్రిలు 4వ తేది వఱకు నది కృష్ణాజిల్లాలోనిది, ఆనాఁటినుండి యేలూరుజిల్లాలోనిది. ఊరు కదలలేదు, జవాబుదారి మాత్రము మాఱినది. అట్లే పరలోకపౌరుఁడనఁగా నిచ్చటి యూరిని విడిచినవాఁడు కాఁడు. ఇచ్చటనే మఱియొక ధర్మమునకు బద్ధుఁడైనవాఁడు. 'పరదేశి'ని మాత్రము పట్టుకొని 'పౌరస్థితి'ని విడుచుట సగమర్థమును విడుచుటయే.

ఈ భేదము పండితవినోదమాత్రము కాదు. కృష్ణాగోదావరీమండలములలోఁ గ్రైస్తవమతముఁ జేరినవారిలోఁ బెక్కుమంది యూరివెలుపలి పల్లెలవారు. 1950లో వెలువడిన రాష్ట్రపతి యుత్తరువు క్రైస్తవులను షెడ్యూల్డు కులములలోఁ జేర్పలేదు. మతము మాఱినంతమాత్రమునఁ బల్లె యూరిలోనికి రాలేదు. అట్టివారు పరలోకము మాయిల్లని పాడుట యూరిపై వైముఖ్యము కాదు. తమకును బౌరత్వము కలదని చాటుట.

గుఱ్ఱము జాషువా రచన లిందుకుఁ దార్కాణములు. 'గబ్బిలము' (1941)న అస్పృశ్యుని మొఱను శివుని కంపిన యా కవియే 'క్రీస్తుచరిత్ర' వ్రాసి, 1964లో సాహిత్య అకాడమి బహుమానమందెను. ఒకచోట నీ దేశమున హక్కు నడిగెను, వేఱొకచోట క్రీస్తును గీర్తించెను. ఈ రెండును బరస్పరవిరుద్ధములని తలఁచువారు పౌరస్థితిశబ్దమును మఱల విచారింపఁదగును.