అటక మీది విమానాలు

తాడేపల్లిగూడెంలో విమానం ఎక్కనివాళ్లు ఎందరైనా ఉండొచ్చు గాని, రన్‌వే మీద నడవనివాళ్లు అరుదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్లు వేసిన రన్‌వే అది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో మీంచి లేచిన విమానాలు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశాక, యుద్ధమంటే ఎక్కడో సింగపూర్లోనో బర్మాలోనో జరిగేది కాదని కోస్తా అంతటికీ తెలిసొచ్చింది. ఆ యుద్ధం ముగిసింది, విమానాలు పోయాయి, రన్‌వే మిగిలింది. విమానాలు లేని రన్‌వేని చూస్తూ పెరిగిన పిల్లవాడికి దాని మీద ఎలాంటివి దిగేవో ఊహించుకోవాలనిపిస్తుంది. ఊహ ముదిరితే కిట్టు కొనాలనిపిస్తుంది.

ఏలూరు, గూడెం, కైకలూరు చుట్టుపక్కల స్కేల్ మోడల్ కిట్లు కట్టే సరదా ఉన్నవాళ్లు బహు కొద్దిమంది. వాళ్లింటికి వెళ్తే షోకేసు చూసి మెచ్చుకుని వచ్చేయకూడదు, అటక కూడా చూడాలి. అమెరికా నుంచి బావగారు సూట్‌కేసులో తెచ్చిన స్పిట్‌ఫైర్ రెక్కలు అతికించుకుని తోక దగ్గర ఆగిపోయి అక్కడ ఉంటుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆన్‌లైన్లో తెప్పించుకున్న యుద్ధనౌక అడుగుభాగం ఎరుపు రంగుతో సరిపెట్టుకుని ఉంటుంది. పెళ్లి, పిల్లలు, బదిలీ, కళ్లజోడు అని కారణాలు చాలా చెబుతారు. నేను నమ్మను. కిట్టు ఆగిపోయేది జీవితంలో వచ్చిన మార్పు వల్ల కాదు, దాదాపు ఎప్పుడూ చేతికి అడ్డుపడిన ఒకే ఒక్క పని వల్ల. ఆ పని ఏదో కనిపెట్టగలిగితే సగం కట్టిన కిట్టుని పూర్తి చేయడం కొత్త కిట్టు మొదలుపెట్టడం కంటే తేలిక.

ఈ విద్య వయసు మరీ ఎక్కువేం కాదు. 1932లో ఇంగ్లండులో స్కైబర్డ్స్ అనే కర్ర కిట్లు 1/72 కొలతలో వచ్చాయి. ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తుకు తగ్గే కొలత అది. 1936లో ఫ్రాగ్ పెంగ్విన్ కిట్లు ప్లాస్టిక్‌ని తెచ్చాయి. 1953లో ఎయిర్‌ఫిక్స్ వారి స్పిట్‌ఫైర్ వచ్చాక పిల్లల చేతి ఖర్చులోకి దిగింది సరదా. జపాన్‌లో షిజువోకా ఊళ్లో కలప వ్యాపారంతో మొదలైన టామియా సంస్థ కర్ర బొమ్మల మీదుగా ప్లాస్టిక్‌కి వచ్చి 1960లో యమాటో యుద్ధనౌక కిట్టు తీసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా అసలు సరుకు మారలేదు. పాలీస్టైరీన్ ప్లాస్టిక్, అచ్చులో పోసి తీసిన ముక్కలు, వాటిని పట్టి ఉంచే కాడలు, ఒక బొమ్మల కాగితం, నీళ్లలో నానబెట్టి అంటించే డెకాల్స్.

పాలీస్టైరీన్‌కి ఒక గొప్ప గుణం ఉంది. దీంతో చేసిన పనిలో తిరిగి సరిదిద్దలేనిది చాలా తక్కువ. తగిన ద్రావణంలో కరుగుతుంది, వేడి నీళ్లకు మెత్తబడుతుంది, గరుకు కాగితానికి లొంగుతుంది. మోడల్ సిమెంటు అనేది నిజానికి జిగురు కాదు. అది రెండు ముక్కల అంచుల్నీ కాస్త కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. ఆరాక అక్కడ అతుకు ఉండదు, ఒకే ప్లాస్టిక్ ఉంటుంది. ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ అలా కాదు, మధ్యలో గట్టి పొరగా నిలబడుతుంది. పాత కిట్టుని విప్పేముందు దేనితో అతికించారో తెలుసుకోవాల్సింది ఇందుకే. సూపర్ గ్లూ అయితే ముక్కని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఒక రాత్రి ఫ్రీజర్లో ఉంచితే ఆ పొర పెళుసెక్కుతుంది, పొద్దున మెల్లగా వంచితే టక్కున విడుతుంది. ఆవకాయ సీసా పక్కన హరికేన్ విమానం రెక్క కనిపిస్తే ఇంట్లో ఏమంటారో అది వేరే సంగతి. సిమెంటుతో అతికినదైతే ఫ్రీజరు పనిచేయదు. సన్న రంపమో, గట్టి కుట్టు దారమో పెట్టి అతుకు వెంబడి కోసుకురావాలి. దారం ప్లాస్టిక్‌ని కోస్తుందా అని అడగొద్దు, ఓపికగా లాగుతుంటే కోస్తుంది.

విమానం కిట్లు ఎక్కువగా ఆగేది మొండెం అతుకు దగ్గర. మొండెం ఎడమ కుడి రెండు చెక్కలుగా వస్తుంది. అతికించాక వీపు మీద ముక్కు నుంచి తోకదాకా ఒక గీత మిగులుతుంది. అసలు విమానానికి ఆ గీత ఉండదు. దాన్ని పూడ్చాలి, రుద్దాలి, రంగు వేసి చూడాలి, మళ్లీ కనబడితే మళ్లీ పూడ్చాలి. మూడోసారికి పెట్టె అటకెక్కుతుంది. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లకి ఈ బాధ తరతరాలుగా తెలుసు. తెల్లపొణికి కర్రలో విడివిడిగా చెక్కిన చేతులు, తలలు అతికించాక ఆ సందుల్లో చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు కూరతారు. కర్రకి కర్ర పొట్టే సాయం. ప్లాస్టిక్‌కీ అదే సూత్రం. కిట్టు ముక్కలు తీసేశాక మిగిలిన కాడల్ని సన్నగా తరిగి చిన్న గాజు సీసాలో సిమెంటు పోసి రాత్రంతా ఉంచితే చిక్కటి ముద్దవుతుంది. సందులో కూరితే అది ఆ విమానం ప్లాస్టికే అవుతుంది, ఆరాక చుట్టుపక్కల ప్లాస్టిక్‌తో సమానంగా అరుగుతుంది. బజారు లప్పం మెత్తగా ఉండి ముందే అరిగిపోయి గుంట మిగులుస్తుంది. ఒక్కటే షరతు, కాడల ముద్ద పూర్తిగా ఆరడానికి రోజులు పడుతుంది. తొందరపడి రుద్దితే మళ్లీ కుంగుతుంది. రుద్దడానికి కార్ల పెయింటర్లు వాడే వాటర్ పేపరు చాలు, 400తో మొదలుపెట్టి 1000 దాకా వెళ్లి ఆగొచ్చు. అతుకు పోయిందా లేదా అన్నది కంటికి తెలియదు, గోరుకు తెలుస్తుంది. కళ్లు మూసుకుని గోరు అడ్డంగా గీస్తే ఎక్కడ తగులుతుందో అక్కడే పని మిగిలింది.

పాత రంగు వికారంగా ఉంటే తీసేయడమే మంచిది, దాని మీద ఇంకో పొర వేస్తే రెక్కల మీది సన్నని గీతలన్నీ పూడిపోతాయి. అక్రిలిక్ రంగు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి వదులుతుంది. ఎనామెల్ రంగుకి మోటారు సైకిల్ బ్రేకులో పోసే నూనె పనిచేస్తుంది, చేతికి తొడుగు మాత్రం తప్పనిసరి. అసిటోన్ ఉన్న గోళ్ల రంగు రిమూవరు తెచ్చారంటే రంగుతో పాటు విమానమూ పోతుంది.

ఇక మన గాలి సంగతి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరు, దాని చుట్టూ చేపల చెరువులు, వాటి మధ్య వరిచేలు. ఇక్కడ గాలిలో ఎప్పుడూ తడి ఉంటుంది. విదేశీ పుస్తకాలు చెప్పే సలహాలు ఈ తడిని లెక్కలోకి తీసుకోవు. లాకర్ రంగు ఎయిర్ బ్రష్‌తో కొట్టినప్పుడు అందులోని ద్రావకం చకచకా ఆవిరై ఆ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ వచ్చి రంగు పొర మీద దిగుతుంది. నల్లగా రావాల్సినది పాలు కలిపినట్టు తెల్లబోతుంది. చాలామంది ఇక్కడే రంగు నాసిరకమని తిట్టుకుని పెట్టె మూసేస్తారు. రంగు తప్పేం లేదు. నెమ్మదిగా ఆరే థిన్నర్ని మాత్రమే పలచగా తుంపర కొడితే ఆ పొర మళ్లీ కరిగి, పట్టిన తేమ బయటికి పోయి, అసలు రంగు తిరిగొస్తుంది. కంప్రెసరు గొట్టానికి నీళ్లు పట్టి ఉంచే చిన్న గిన్నె ఇక్కడ విలాసం కాదు, లేకుంటే రెక్క మధ్యలో నీటి చుక్క ఉమ్ముతుంది. వర్షాకాలంలో అతుకుల పని, కోత పని పెట్టుకుని రంగు పని సంక్రాంతి దాటాక పెట్టుకోవడం మేలు. అప్పుడు కూడా పొద్దున్నే కాదు. కొల్లేరు మీంచి వచ్చే మంచు విడిచి ఎండ ఎక్కాక.

ఆ తడికే డెకాల్స్ పాడవుతాయి. కాగితానికి బూజు పడుతుంది, అంచులు తింటూ పురుగులు చేరతాయి, పారదర్శకంగా ఉండాల్సిన పొర పసుపెక్కుతుంది. పసుపుకి మందు మనకి పుష్కలంగా ఉన్న ఎండే. డెకాల్ కాగితాన్ని గాలి చొరని పారదర్శక సంచిలో పెట్టి, బొమ్మలు బయటికి కనబడేలా కిటికీ అద్దానికి అంటించి కొన్ని రోజులు ఉంచితే పసుపు విరుగుతుంది. వేసవిలో అయితే రోజూ చూసుకోవాలి, అతిగా కాలితే ఎరుపు రంగులు వెలుస్తాయి. పగుళ్లు పడ్డ డెకాల్స్ మీద ముందుగా పలచగా వార్నిష్ పొర వేయకుండా నీళ్లలో వేస్తే ముక్కలుగా తేలిపోతాయి.

డెకాల్స్ మొత్తం పోయినా బెంగ లేదు. ఆ విమానాన్ని మన వైపు యుద్ధరంగానికి మార్చేయండి. యూరప్‌లో బ్రిటిష్ విమానాల గుర్తు నడిమధ్య ఎర్ర చుక్క ఉండేది. బర్మా వైపు పోరాడే విమానాల మీద ఆ ఎర్ర చుక్కని జపాన్ సూర్యబింబంగా పొరబడి సొంతవాళ్లే కాల్చే ప్రమాదం ఉందని తీసేశారు. మిగిలింది ముదురు నీలం, దాని మధ్య తెలుపో లేత నీలమో. రెండే రంగులు, రెండే గుండ్రాలు. వృత్తలేఖినికి పెన్సిలు బదులు బ్లేడు ముక్క కట్టి మాస్కింగ్ టేపుని కోస్తే డెకాల్స్‌తో పనే లేదు. థండర్‌బోల్ట్ కిట్టు ఉంటే మరీ మంచిది. బ్రిటిష్ వాయుసేన వాటితో యుద్ధం చేసింది ఈ రంగంలోనే, పైగా రెక్కలకీ తోకకీ తెల్లపట్టీలు ఉండేవి. తిన్నటి పట్టీలకు టేపు చాలు. గూడెం రన్‌వే చూసి పుట్టిన సరదాకి లండన్ మీది స్పిట్‌ఫైర్ కంటే ఇదే దగ్గరి చుట్టం అని నా అభిప్రాయం.

అద్దపు మూత దగ్గర ఆగిపోయినవి మరో జాతి. కాక్‌పిట్ అద్దాన్ని సూపర్ గ్లూతో అతికిస్తే లోపల తెల్లటి పొగ పట్టేస్తుంది. దానికి ఫెవికాలే సరైనది. తెల్లగా ఉన్నది ఆరాక కనబడకుండా పోతుంది, తప్పు వస్తే తడి బట్టతో తుడిచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. గీతలు పడ్డ అద్దాన్ని సన్నటి వాటర్ పేపరుతో రుద్ది, తర్వాత పళ్లపొడి కాకుండా పేస్టుతో మెరుగు పెడితే చాలావరకు తిరిగొస్తుంది. రెండు రెక్కల పాత విమానాలు తీగల దగ్గర ఆగుతాయి. వాటికి కావాల్సిన నైలాన్ దారం కైకలూరు, ఆకివీడుల్లో చేపల సామాను అమ్మే కొట్లలో సన్నంలో సన్నం దొరుకుతుంది. గేలానికి కట్టే సీసం గుండ్లూ అక్కడే ఉంటాయి, వాటితో పని తర్వాత చెబుతాను.

ఎన్‌సీసీ ఎయిర్ వింగులో క్యాడెట్లకు ఏరోమోడలింగ్ నేర్పుతారు. ఎగిరేవాటితో పాటు ఎగరని మోడళ్లు కూడా చేయిస్తారు. రెక్కకి ఆ వంపు ఎందుకో, తోక అంత ఎత్తుగా ఎందుకో చేత్తో కట్టినవాడికి తెలిసినట్టు బొమ్మ చూసినవాడికి తెలియదు. అందులోనూ ఎవరో పాడు చేసి వదిలేసిన కిట్టుని విప్పి కట్టినవాడికి ఇంకా బాగా తెలుస్తుంది. పెట్టెలోని కాగితం చెప్పిన వరుస అక్కడ పనిచేయదు గనుక ఏ ముక్క దేన్ని మోస్తుందో తనే ఆలోచించుకోవాలి. ఈ లెక్కన అటక మీది కిట్టు నేర్చుకునేవాడికి కొత్త కిట్టు కంటే మంచి పాఠం, భయమూ తక్కువ. అదెలాగూ చెడినదే కదా.

అన్నిటినీ బతికించాలనే పట్టుదల మాత్రం వద్దు. తొలినాటి ఫ్రాగ్ కిట్లు సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసినవి, ఏళ్లు గడిచేకొద్దీ మెలి తిరుగుతాయి. అలాంటిది ఎవరి ఇంట్లోనైనా ఉంటే కట్టకండి, చూసుకోండి. పాత ట్యాంకు కిట్లలో మెత్తటి రబ్బరు పట్టాలు ప్లాస్టిక్‌ని ఆనుకుని ఉన్నచోట దాన్ని కరిగించి గుంటలు చేస్తాయి. గుంట చిన్నదైతే ముద్దతో పూడ్చొచ్చు, చక్రాలన్నీ కరిగిపోతే దాన్ని విప్పి పనికొచ్చే ముక్కల్ని స్పేర్ల డబ్బాలో వేసుకోవాలి. మిగతా పెట్టెలకి ఆ డబ్బాయే ఆధారం. ఒకదాంట్లో పోయిన చక్రం ఇంకోదాంట్లో దొరుకుతుంది. దొరకకపోతే ఉన్న చక్రం మీద సిలికోన్ అచ్చు తీసి రెసిన్ పోసుకోవచ్చు. తీగ లాంటి ముక్కలైతే కాడని కొవ్వొత్తి మంట పైన తిప్పి, మెత్తబడగానే రెండు వైపులా లాగితే వెంట్రుక మందంలో వస్తాయి.

అటక దిగిన ప్రతి పెట్టె మూత లోపల ఒక చీటీ అంటించాలి. అందులో చేయాల్సిన పనులన్నీ కాదు, తర్వాతి పని ఒక్కటే రాయాలి. తోక అతుకు రుద్దాలి, అంతే. అది అయ్యాక చీటీ మార్చాలి. ముందు దించాల్సింది ఇష్టమైన కిట్టు కాదు, పోయినా ఏడవనిది. బావగారు తెచ్చిన స్పిట్‌ఫైర్ రెండోదో మూడోదో అవ్వాలి.

సీసం గుండ్ల సంగతి చెబుతానన్నాను. ముక్కు కింద చక్రం ఉన్న లిబరేటర్ లాంటి బాంబర్ల కిట్లకి మొండెం మూయకముందే ముక్కులో బరువు పెట్టాలి, లేకపోతే కట్టడం పూర్తయ్యాక తోక మీద కూలబడుతుంది. అటక మీద దొరికే లిబరేటర్లలో చాలావాటికి ఈ గుండ్లు పెట్టకుండానే మొండెం మూసేసి ఉంటుంది. అలాంటప్పుడు ముందు చక్రం గూడు పైకప్పుకి చిన్న బెజ్జం వేసి, గేలం గుండ్లు ఒక్కొక్కటీ లోపలికి జార్చి, ఎపాక్సీ జిగురు పోసి, ముక్కు కిందికి వంచి రెండు రోజులు ఆరనివ్వాలి. అంతకీ నిలబడకపోతే తోక కింద సన్నటి పారదర్శక కడ్డీ ఊతం పెట్టండి. చిన్నతనం అనుకోనక్కర్లేదు, సరుకు ఎక్కించేటప్పుడు అసలు లిబరేటర్లకే తోక కింద ఊతం పెట్టేవాళ్లు.