తిట్ల లెక్క

అనకాపల్లి జిల్లా ఎలమంచిలిలో ఎన్నికల వార్త రాసే విలేకరికి చాటు లేదు. అతని ఫోన్ నంబరు, బండి, ఉండే వీధి, పిల్లలు చదివే బడి అన్నీ ఊరికి తెలుసు. అచ్యుతాపురంలోనో రాంబిల్లిలోనో ఫలానా అభ్యర్థి సభ పలచగా సాగిందని రాశాడంటే, సాయంత్రానికి ఆ క్లిప్పింగు వాట్సాప్ గ్రూపులకెక్కుతుంది. దాని కింద మొదలవుతుంది వరస: ‘ఎంతకి అమ్ముడుపోయావ్’, ‘ప్యాకేజీ ముట్టిందా’, ‘పేటీఎం బ్యాచ్’. వీటి మధ్య ఎక్కడో అతని ఇంటి ఆడవాళ్ల మీద ఒక మాట. 1974లో విశాఖలో ఈనాడు పుట్టాక, 1989లో జిల్లా సంచికలు వచ్చాక మండల విలేకరి అనే మనిషి మన పల్లెల్లో స్థిరపడ్డాడు. అతని మీద ఇంత కోపం ఉమ్మడిగా, ఇంత చవగ్గా కురిపించే వీలు మాత్రం కొత్తది.

ఈ మాటలన్నిటినీ మనం తిట్లు అని ఒకే కుప్పగా చూస్తాం. ఆ కుప్పను చాటలో పోసి ఓపిగ్గా చెరిగిన పని ఒకటుంది. పాత్రికేయులందరికీ దాన్ని పరిచయం చేయాలని నా కోరిక. ఫిలిప్పీన్స్ జర్నలిస్టు, రాప్లర్ వార్తా సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన మరియా రెస్సాపై సాగిన దాడిని పరిశీలించి, 2021 మార్చిలో జూలీ పొసెట్టి, డయానా మేనార్డ్, కలీనా బొంచేవా వెలువరించిన అధ్యయనం అది. పొసెట్టి పాత్రికేయ పరిశోధకురాలు. మిగిలిన ఇద్దరూ బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో భాషను కంప్యూటర్‌తో విశ్లేషించే శాస్త్రజ్ఞులు.

ముడిసరుకే దాదాపు 4 లక్షల ట్వీట్లు, 57 వేలకు పైగా ఫేస్‌బుక్ పోస్టులు, వ్యాఖ్యలు. బూతు పదాల పట్టిక ఒకటి పెట్టుకుని ఎన్నిసార్లు వచ్చాయో లెక్కేస్తే పని తేలిగ్గా ముగిసేది. వీళ్లు అక్కడితో ఆగలేదు. ప్రతి దాడినీ ‘ఇది దేన్ని కొడుతోంది?’ అని అడిగారు. ఆమె ఒంటినా, ఆడతనాన్నా, లేక ఆమె రాతపై జనానికున్న నమ్మకాన్నా? ఈ ప్రశ్నలోనే పనితనమంతా ఉంది. తేలిందేమిటంటే, దాదాపు 60 శాతం దాడులు ఆమె వృత్తిపరమైన విశ్వసనీయతకు గురిపెట్టినవి. అబద్ధాలకోరు, అమ్ముడుపోయింది, దేశద్రోహి అనే కోవకు చెందినవి. వ్యక్తిగా ఆమెను గాయపరిచేవి 40 శాతం పైచిలుకు.

నన్ను ఆపేసిన అంకె ఆ 60. బూతు మాట విలేకరిని కొడుతుంది. ‘అమ్ముడుపోయాడు’ అన్నది విలేకరిని దాటి పాఠకుడి దగ్గరకు పోతుంది. రేపు అదే విలేకరి చెరువు కబ్జా గురించి ఆధారాలతో రాసినా, చదివేవాడి మనసులో ముందే ఒక చుక్క పడి ఉంటుంది. అభ్యర్థికి కావలసింది కూడా అదే. మనం సభ్యత గురించి బాధపడుతూ కూర్చుంటే, అసలు నష్టం సభ్యంగా కనిపించే మాటల వల్లే జరిగిపోతోంది.

రెండో నైపుణ్యం దాడిని కాలంతో జతచేసి చూడటం. దాడి ఎప్పుడు ఉప్పొంగింది, అంతకు ముందు ఏం జరిగిందని వెతికారు. రాప్లర్ కథనాలు, కోర్టు వాయిదాలు, ఆమెకొచ్చిన అంతర్జాతీయ గుర్తింపు పక్కనే కెరటాలు లేచాయి. ఆమెను అరెస్టు చేయాలన్న హ్యాష్‌ట్యాగ్ మొదటి అరెస్టుకు ముందే తిరిగింది. 2019 ఫిబ్రవరిలో అరెస్టు, 2020 జూన్‌లో సైబర్ పరువునష్టం కేసులో దోషిగా తీర్పు. జైలు మాటను జనం చెవికి ముందే అలవాటు చేశారన్నమాట.

దీనికి పునాది రాప్లర్ వేసుకున్నదే. ఫిలిప్పీన్స్ అధ్యక్షుడిగా డ్యుటెర్టె గెలిచిన ఎన్నిక తర్వాత, 2016 అక్టోబరులో, ఆ సంస్థ మూడు కథనాలు వేసింది. 26 నకిలీ ఖాతాలను పట్టుకుని, వాటిలో రాసుకున్న ఉద్యోగాలు నిజమో కాదో విచారించి, ఒకదానికొకటి స్నేహితులుగా ఎలా అల్లుకున్నాయో చూపి, అవి 30 లక్షల ఖాతాల దాకా చేరగలవని అంచనా కట్టింది. ఆ కథనాల తర్వాతే రెస్సాకు గంటకు సగటున 90 ద్వేష సందేశాలు వచ్చిపడ్డాయి. పెద్ద యంత్రాలు రాకముందు జరిగిన ఈ చేతిపని మీద నాకు మరింత గౌరవం.

మన తెలుగునాట ఇలాంటి కొలత జరిగినట్టు నాకు తెలియదు, బాధితులు మాత్రం ఉన్నారు. హైదరాబాద్‌లో యూట్యూబ్ ద్వారా తెలుగులో రాజకీయాలను విడమరిచి చెప్పే స్వతంత్ర జర్నలిస్టు తులసి చందుకు 2023లో చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. మహిళా పాత్రికేయుల సంఘాలు ఖండించాయి. బెదిరింపు పోలీసు ఫిర్యాదులోకి ఎక్కుతుంది. హిందూ వ్యతిరేకి అంటూ వేసిన ముద్ర ఎక్కదు. దానికి కొత్త చట్టం తెమ్మని నేననను. నొప్పించే ఆన్‌లైన్ రాతలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ పేరుతో ఎవరెవరిని లోపలేశారో చూశాం. సుప్రీంకోర్టు 2015లో దాన్ని కొట్టేయడం మంచిదే అయింది. చట్టం అందుకోలేని చోట కొలత అందుకోగలదని పై అధ్యయనం చూపింది.

మనకు అడ్డంకి వాట్సాప్. ట్వీట్లను బయటినుంచి దింపుకోవచ్చు గాని, మూసిన గ్రూపులోది లోపలున్నవాడే తీయాలి. అందుకే ఇది విలేకరుల చేతుల్లోనే మొదలు కావాలి. ఎలమంచిలి, అనకాపల్లి, నర్సీపట్నం విలేకరులు తమకొచ్చిన ప్రతి వ్యాఖ్యనూ స్క్రీన్‌షాట్ తీసి, తేదీ వేసి, అంతకు ముందు తాము రాసిన వార్త ఏదో పక్కన రాసి, గురి మనిషా నమ్మకమా అని ఒక గడిలో గుర్తు పెట్టుకోవాలి. 2024 మే 13 పోలింగుకు ముందు నెలల నాటివి చాలా ఫోన్లలో ఇంకా ఉండే ఉంటాయి. చెరిపేయకముందే వాటితో మొదలుపెట్టవచ్చు.